పాత కారును ఇంట్లోనే బాగుచేసుకోవడం ఎలా: విప్పినంతా తిరిగి బిగించే పద్ధతి

పాత కారు బాగుచేయడం మొదలుపెట్టినవాళ్లలో చాలామంది ఆగిపోయేది ఇంజన్ దగ్గరో వెల్డింగ్ దగ్గరో కాదు, విప్పడం దగ్గరే. మొదటి రెండు సెలవురోజుల ఊపులో సీట్లు, తలుపులు, డాష్‌బోర్డు, ఇంజన్ అన్నీ ఊడదీసేస్తారు. ఆరు నెలలు గడిచేసరికి డబ్బాల నిండా నట్లు మిగులుతాయి. ఏది ఎక్కడిదో గుర్తుండదు, కారు కదలదు, దాని దగ్గరికి వెళ్లడానికి మనసు రాదు. నా మొదటి కారు విషయంలో అచ్చంగా ఇదే జరిగింది. అది డబ్బాల్లోనే ఇంకొకరి చేతికి వెళ్లిపోయింది, ఆ బాధ ఇప్పటికీ ఉంది. అప్పటినుంచి ఒకటే పద్ధతి పెట్టుకున్నాను: ఒకసారికి ఒక్క వ్యవస్థే విప్పడం, దాన్ని బాగుచేసి బిగించాకే ఇంకోదాని మీద చెయ్యి వేయడం, కుదిరినంతకాలం కారు తన చక్రాల మీద తాను కదిలేలా ఉంచడం. కింద చెప్పేదంతా ఆ వరసలోనే ఉంటుంది.

కారు ఎంచుకోవడం

ఇంజన్ ఆడని కారుకు భయపడకండి, తుప్పు పట్టిన కారుకు భయపడండి. ఇంజన్‌ను బల్ల మీద పెట్టి బాగుచేయొచ్చు. కుళ్లిన బాడీ మాత్రం నెలల తరబడి కోత, వెల్డింగ్ అడుగుతుంది. చూడ్డానికి వెళ్లేటప్పుడు ఒక టార్చి, మెత్తని గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం, కింద పడుకోవడానికి ఒక పట్టా తీసుకెళ్లండి. తలుపుల కింది అంచులు, తలుపుల కిందుగా పొడవునా సాగే పెట్టెలాంటి భాగం, చక్రాల పై వంపులు, బ్యాటరీ కింది రేకు, డిక్కీలో స్టెప్నీ గుంట, వెనక కమానుపట్టీలు బిగించే చోట్లు, ఇవన్నీ చూడాలి. అయస్కాంతం ఎక్కడ అతుక్కోదో అక్కడ రంగు కింద రేకు లేదు, పుట్టీ ఉంది. కార్పెట్ ఎత్తి చూడనివ్వని కారును కొనకండి.

తలుపు సగం తెరిచి, కొసను పట్టుకుని నెమ్మదిగా పైకి ఎత్తండి. కీలు మాత్రమే ఆడితే చిన్న పని. కీలు బిగించిన స్తంభమే కదిలితే బాడీకి బలమిచ్చే చోటే కుళ్లిందన్నమాట.

ఇంకో సంగతి. పూర్తిగా ఉన్న పాడైన కారు, సగం సామాను లేని మంచి కారు కంటే మేలు. పిస్టన్లు, బ్రేక్ షూలు ఎలాగో దొరుకుతాయి. ఆ మోడల్‌కే చేసిన లైటు అద్దం, మెరుపు పట్టీ, డాష్‌బోర్డు మీటరు దొరకవు. చాసిస్ నంబరు, ఇంజన్ నంబరు కాగితాల్లో ఉన్నవాటితో సరిపోతున్నాయో లేదో డబ్బు ఇవ్వకముందే చూసుకోండి.

ఎంతవరకు చేయాలి?

ఈ నిర్ణయం పానా పట్టకముందే జరగాలి. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా కనీసం 30 ఏళ్ల వయసుండి, చారిత్రకంగా సరైన స్థితిలో కాపాడిన బండినే చారిత్రక వాహనంగా లెక్కిస్తుంది. అక్కడ బరువంతా కాపాడటం మీదే. వెలిసినా నిలిచి ఉన్న రంగు, అరిగినా చిరగని సీటు తోలు ఆ కారు బతుకు చరిత్ర. వాటిని ఒకసారి తీసేస్తే మళ్లీ తేలేం. కాబట్టి కుళ్లినదాన్ని, ప్రమాదకరమైనదాన్ని మార్చండి, మిగతాదాన్ని శుభ్రం చేసి ఉంచండి. కొత్తదానిలా మెరవాలన్న తపనతో బాగున్న రంగును గీకిపారేయడం నాకు నచ్చదు.

చోటు, పనిముట్లు

కారు చుట్టూ మీటరు ఖాళీ ఉండాలి, పైకప్పు కారకూడదు, గాలి ఆడాలి. విప్పిన సామాను కారు కంటే ఎక్కువ చోటు తింటుంది కాబట్టి గోడకు అరలు ముందే కొట్టించుకోండి.

పనిముట్లలో పొదుపు చేయకూడనివి రెండే: కారును ఎత్తి నిలబెట్టే స్టాండ్లు, బిగింపు కొలిచే టార్క్ రెంచి. జాకీ ఎత్తడానికే, నిలపడానికి కాదు. జాకీ ఒక్కదాని మీద నిలిచిన కారు కిందికి అర నిమిషానికైనా దూరవద్దు. స్టాండ్లు పెట్టాక కూడా, విప్పిన చక్రాన్ని బాడీ అంచు కిందుగా పడుకోబెట్టి ఉంచండి. స్టాండు జారినా ఆ చక్రం ప్రాణం కాపాడుతుంది.

పానాలు కొనేముందు మీ కారు మరలు ఏ కొలతవో తెలుసుకోండి. యూరప్ ప్రధాన భూభాగపు కార్లు, జపాన్ కార్లు చాలావరకు మిల్లీమీటర్లలో ఉంటాయి. పాత అమెరికన్ కార్లు అంగుళాల్లో ఉంటాయి. పాత బ్రిటిష్ కార్లలో విట్‌వర్త్ మరలు తగులుతాయి. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ ప్రతిపాదించిన కొలత అది. ఆ పానా మీద రాసి ఉండేది నట్టు వెడల్పు కాదు, బోల్టు కాడ మందం. అందుకే అంకె చూసి పానా ఎంచుకుంటే సరిపోదు. దగ్గరదగ్గరగా పట్టే పానాతో తిప్పితే తల మూలలు అరిగి నున్నగా అయిపోతాయి, ఆపైన ఆ బోల్టు తీయడం ఒక రోజు పని.

ఆ మోడల్ వర్క్‌షాప్ మాన్యువల్, దాంతోపాటు విడిభాగాల బొమ్మల పుస్తకం సంపాదించండి. రెండోది మరీ ముఖ్యం. ఏ వాషర్ ఏ స్ప్రింగుకు ముందో వెనకో ఆ బొమ్మలే చెప్తాయి.

విప్పకముందు

మొదటి వారం ఒక్క స్క్రూ కూడా తీయవద్దు. కారు కడిగి, ఫోటోలు తీయండి. ప్రతి మూలా, ప్రతి వైరు దారీ, ప్రతి పైపు వంపూ పడాలి. పక్కన స్కేలు పెట్టి తలుపుల సందులు కొలిచి రాసుకోండి. ఆ కొలతలు రేపు వెల్డింగ్ అయ్యాక చాలా అవసరపడతాయి.

విప్పేటప్పుడు ఒక్కో భాగానికి ఒక్కో జిప్ కవరు. దాని మీద "ఎడమ తలుపు, పై కీలు, 3 బోల్టులు, పొడవుది కింద" అన్నంత వివరంగా రాయండి. "తలుపు బోల్టులు" అని రాస్తే రెండు నెలల తర్వాత మీకే అర్థంకాదు. బోల్టు తీసిన చోటే వెంటనే తిరిగి రెండు చుట్లు బిగించి వదిలేయడం ఇంకా మంచి అలవాటు. విరిగిన భాగాన్నైనా కొత్తది వచ్చి బిగిసేవరకు పారేయవద్దు, కొలతకు అదే ఆధారం.

బిగుసుకుపోయిన బోల్టు మీద బలం చూపవద్దు. తుప్పులోకి చొచ్చుకుపోయే నూనె పోసి రాత్రంతా ఉంచండి. మర్నాడు సుత్తితో తల మీద నాలుగు దెబ్బలు వేసి, బిగించే వైపు కొంచెం కదిపి, తర్వాత విప్పే వైపు తిప్పండి. అప్పటికీ రాకపోతే నట్టును వేడి చేయండి. అయితే దగ్గర్లో పెట్రోలు పైపు, రబ్బరు, నూనె తడి లేకుండా చూసుకోవాలి. నట్టు వ్యాకోచించి పట్టు వదులుతుంది.

ముందు బ్రేకులు

అందరికీ ఇంజన్ ఆడించాలని ఉంటుంది. నా మాట విని ముందు బ్రేకులు చేయండి. ఇంజన్ ఆడిన క్షణం నుంచీ కారు కదలడానికి చూస్తుంది, ఆపేది లేకపోతే ఎలా?

డ్రమ్ము తీశాక లోపల కనిపించే బూడిదరంగు పొడిని నోటితో గానీ గాలిపంపుతో గానీ ఊదవద్దు. పాత బ్రేకు లైనింగుల్లో, క్లచ్ ప్లేట్లలో ఆస్బెస్టాస్ వాడేవారు, ఆ నూగు ఊపిరితిత్తుల్లో చేరితే క్యాన్సర్ దాకా తీసుకెళ్తుంది. సరైన మాస్కు పెట్టుకుని, పొడిని తడిపి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవరులో మూటకట్టి పారేయండి.

చక్రాల దగ్గరుండే వీల్ సిలిండర్లలో, పెడల్ తోసే మాస్టర్ సిలిండర్‌లో రబ్బర్లు బయటికి బాగానే కనిపించినా మార్చాల్సిందే. సిలిండర్ లోపలి గోడ మీద వేలు పెట్టి చూడండి. గుంటలు తగిలితే సిలిండరే మార్చాలి. వంగే రబ్బరు పైపులు లోపలినుంచి ఉబ్బి మూసుకుపోతాయి. పెడల్ వదిలినా చక్రం పట్టేసి ఉండటానికి అదే కారణం కావచ్చు. ఇనుప పైపుల బదులు రాగి, నికెల్ కలిసిన మిశ్రలోహపు పైపులు వేస్తే తుప్పు బెడద ఉండదు.

బ్రేకు నూనె సంగతి జాగ్రత్త. డబ్బా మీద రాసి ఉండే రకాల్లో డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 ఒక జాతివి, గ్లైకాల్‌తో చేసినవి. డాట్ 5 సిలికాన్‌ది, వాటితో కలపకూడదు. గ్లైకాల్ నూనె గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరితే మరిగే వేడి పడిపోతుంది, పైపులు లోపల తుప్పుపడతాయి. అందుకే రెండేళ్లకోసారి మార్చాలి. రంగు మీద చుక్క పడితే ఆ రంగు లేచిపోతుంది, పడిన వెంటనే నీళ్లు పోయండి.

బ్రేకు పైపుల్లో చిక్కిన గాలి తీయడం ఇద్దరి పని. ఒకరు పెడల్ నొక్కి పట్టుకుంటే ఇంకొకరు చక్రం దగ్గర గాలి వదిలే బ్లీడ్ స్క్రూ వదులు చేసి, బుడగలు పోయాక బిగించి "వదులు" అని చెప్పాలి. మామూలుగా మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెడతారు. పెడల్ గట్టిపడ్డాక, ఎవరైనా ఒక నిమిషం గట్టిగా తొక్కి పట్టుకోగా ప్రతి జాయింటునూ పొడి కాగితంతో తుడిచి చూడండి. తడి కనిపిస్తే అది చిన్నదైనా పెద్దదే.

ఇంజన్ నిద్ర లేపడం

ఏళ్లుగా ఆగిపోయిన ఇంజన్‌కు బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టడం కంటే పెద్ద తప్పు లేదు. సిలిండర్ గోడలు పొడిగా ఉంటాయి, రింగులు అతుక్కుపోయి ఉండొచ్చు. ముందు ప్లగ్గులన్నీ తీసి, ఒక్కో సిలిండర్‌లో రెండు చెంచాల పల్చని నూనె పోసి రెండు మూడు రోజులు ఉంచండి. ఆ తర్వాత క్రాంక్ పుల్లీ బోల్టుకు సాకెట్ పెట్టి చేత్తో తిప్పండి. కదలకపోతే ఇంకొంచెం నూనె, ఇంకొన్ని రోజులు. నేను ఒక ఇంజన్‌తో ఇలా మూడు వారాలు ఓపిక పట్టాను. రోజూ సాయంత్రం కాస్త ముందుకూ వెనక్కీ కదిపితే ఒకరోజు మెత్తగా తిరిగింది. పొడుగాటి రాడ్డు పెట్టి బలంగా తిప్పి ఉంటే రింగులు ముక్కలయ్యేవి.

తిరగడం మొదలయ్యాక పాత నూనె దించి, ఫిల్టరు మార్చి, కొత్తది పోయండి. పాత ఇంజన్లలో వాల్వులను తెరిచే క్యామ్, ట్యాపెట్ నేరుగా రాసుకుంటాయి, వాటికి జింకు, ఫాస్ఫరస్ ఉన్న నూనె కావాలి. ఇప్పటి కార్ల నూనెల్లో అవి తగ్గించారు, కాబట్టి పాత ఇంజన్ల కోసమని చేసిన నూనె తీసుకోండి. ప్లగ్గులు పెట్టకుండానే సెల్ఫ్ తిప్పి, నూనె మీటరు లేచేదాకా చూడండి. బేరింగులకు నూనె చేరాకే ఇంజన్ ఆడాలి.

ఇప్పుడే కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి నలిగే ఒత్తిడి, కూడా మీటరుతో కొలవండి. ప్లగ్గులన్నీ బయటే ఉండాలి, ఇగ్నిషన్ కనెక్షన్ తీసి ఉండాలి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉండాలి. అంకె ఎంత ఉందన్నదానికంటే సిలిండర్లన్నీ దగ్గరదగ్గరగా ఉన్నాయా అన్నదే ముఖ్యం. ఒకటి తక్కువ చూపిస్తే అందులో చెంచా నూనె పోసి మళ్లీ కొలవండి. అంకె పెరిగితే లోపం రింగుల్లో ఉంది. పెరగకపోతే వాల్వుల్లోనో, ఇంజన్ పై భాగమైన హెడ్ కింది ప్యాకింగ్‌లోనో ఉంది. పక్కపక్కన ఉన్న రెండూ పడిపోతే వాటి మధ్య ప్యాకింగ్ కాలిందని అనుమానించండి.

పెట్రోలు ట్యాంకు ఖాళీ చేయండి. ఏళ్లనాటి పెట్రోలు జిగురై కార్బ్యురేటర్ జెట్లు మూసేస్తుంది. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కంటే ప్రమాదం. లోపల మిగిలిన ఆవిరికి ఒక నిప్పురవ్వ చాలు, అందుకే ఇంట్లో దాన్ని ఎన్నడూ వెల్డింగ్ చేయవద్దు. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, నేల మీద పాకుతుంది, గుంటల్లో నిలుస్తుంది. రబ్బరు పైపులన్నీ ఇథనాల్‌కు తట్టుకునేవి వేయండి, ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ కలుస్తుంది, పాత రబ్బరు దానికి మెత్తబడి చిట్లుతుంది. ఇంకో మార్పు సీసం. ఒకప్పుడు పెట్రోలులో కలిపిన సీసం వాల్వు కూర్చునే అంచులను కాపాడేది. 2021లో అల్జీరియా మానేయడంతో రోడ్డు వాహనాలకు సీసం పెట్రోలు ప్రపంచమంతటా ఆగిపోయింది. హెడ్ ఎలాగూ విప్పాల్సి వస్తే ఎగ్జాస్ట్ వైపు గట్టి వాల్వు సీట్లు, అంటే ఆ అంచులే, వేయించుకోండి, దాని కోసమే విప్పనక్కర్లేదు.

ప్లగ్గుల్లో నిప్పురవ్వ రాకపోతే చాలాసార్లు కారణం ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్ల మీద పట్టిన చిలుమే. సన్నని ఆకురాయితో రుద్ది, మాన్యువల్ చెప్పిన సందు పెట్టండి. చాలా కార్లలో అది 0.4 మి.మీ. దగ్గర ఉంటుంది. పెట్రోలు, నిప్పురవ్వ, గాలి సరిపడితే ఇంజన్ అందుకుంటుంది. ఆ మొదటి శబ్దం వినేటప్పుడు చేతిలో మంటలార్పే సిలిండరు, కళ్లు నూనె మీటరు మీద ఉండాలి.

అది ఆడిందని సంబరపడి రోడ్డెక్కవద్దు. ఇల్లలకగానే పండగ కాదు.

వైరింగ్

బ్యాటరీ తీసేటప్పుడు ముందు బాడీకి కలిసిన వైరు తీయాలి, పెట్టేటప్పుడు అది చివరన పెట్టాలి. 1960ల వరకు చాలా బ్రిటిష్ కార్లలో బాడీకి కలిసేది ప్లస్ వైపు, అలవాటు కొద్దీ మైనస్ కలిపితే తిప్పలే. వెలగని లైటు, మందంగా తిరిగే వైపరు, చెప్పింది తప్పు చెప్పే మీటరు, వీటిలో ఎక్కువ భాగం ఎర్త్, అంటే బాడీకి కలిపే వైరు, బిగించిన చోట తుప్పువల్లే. ఆ చోట్లన్నీ మెరిసేదాకా రుద్ది బిగించాకే మిగతా లోపాలు వెతకండి. గుడ్డ చుట్టిన పాత వైరు వంచితే పొడి రాలుతుంటే మార్చక తప్పదు. ఒకసారికి ఒక్క వైరే, పాతది పక్కనే పెట్టుకుని, అదే పొడవు, అదే రంగు, అదే మందం.

తుప్పు, రేకు

ఓపికంతా ఇక్కడే ఖర్చవుతుంది. తుప్పు పట్టిన రేకు మీద పుట్టీ పూసి రంగు వేస్తే రెండు వానాకాలాలు కూడా ఆగదు, లోపలినుంచి బుడగలు లేస్తాయి. మెరిసే గట్టి రేకు తగిలేదాకా కోసి, కొత్త ముక్క అతకాలి.

తలుపు కిందుగా ఉండే పెట్టెభాగం కోసే ముందు, తలుపు ఖాళీలో అడ్డంగా, ఐమూలగా ఇనుప పట్టీలు తాత్కాలికంగా వెల్డ్ చేయండి. చాసిస్ విడిగా లేని కార్లలో బరువు మోసేది అదే. ఆధారం లేకుండా కోస్తే కారు మధ్యలో కుంగి, ఆ తర్వాత తలుపు ఎప్పటికీ మూతపడదు. మొదట రాసుకున్న సందుల కొలతలు ఇక్కడ తీసి చూసుకోండి. ముక్కను క్లాంపులతో పట్టించి, తలుపు పెట్టి మూసి తెరిచి చూసి, అప్పుడు వెల్డ్ చేయండి.

బాడీ రేకు ఒక మిల్లీమీటరుకు అటూఇటూ ఉంటుంది. తీగ దానంతటదే వచ్చే మిగ్ వెల్డింగ్‌లో 0.6 మి.మీ. తీగ దానికి సరిపోతుంది. ఏకధాటిగా గీత లాగితే వేడికి రేకు అలలు తేలుతుంది. ఒక చుక్క ఇక్కడ, ఒకటి దూరంగా, చల్లారాక వాటి మధ్య ఇంకొకటి. ముందు పనికిరాని రేకు మీద గంటలకొద్దీ సాధన చేయండి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన చోట వెల్డ్ చేయవద్దు, ఆ వేడికి ఫాస్‌జీన్ అనే విషవాయువు పుడుతుంది. పాత రంగులో సీసం ఉండొచ్చు కాబట్టి పొడిగా గీకకుండా వాటర్ పేపర్‌తో తడిపి రుద్దండి.

చిన్న ఇనుప భాగాల తుప్పుకు విద్యుత్తు పద్ధతి చాలా బాగుంటుంది. ప్లాస్టిక్ తొట్టిలో లీటరు నీటికి చెంచా వాషింగ్ సోడా కలిపి, తుప్పు భాగాన్ని ఛార్జర్ మైనస్‌కు, పనికిరాని మామూలు ఇనుప ముక్కను ప్లస్‌కు కలిపి, రెండూ తగలకుండా వేలాడదీయండి. ప్లస్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు వాడితే విషపు క్రోమియం నీటిలో చేరుతుంది. హైడ్రోజన్ వెలువడుతుంది కాబట్టి ఆరుబయటే చేయండి. ఈ పద్ధతి స్ప్రింగులకు వద్దు, పెళుసుబారతాయి.

రంగు

ఇంట్లో చేసుకోగలిగింది రంగు కిందిదాకా: ఎపాక్సీ ప్రైమర్, సొట్టలు తీశాక రెండు మిల్లీమీటర్లు మించని పుట్టీ, దాన్ని 80 నంబరు కాగితంతో మొదలుపెట్టి 400 దాకా పొడుగాటి చెక్క దిమ్మెతో రుద్దడం. మెరుపు పూత మాత్రం నిపుణుడి బూత్‌కు పంపండి. గట్టిపరిచే ద్రావణం కలిపే ఆ రంగుల్లో ఊపిరికి హాని చేసే ఐసోసయనేట్లు ఉంటాయి, వాటికి మామూలు మాస్కు చాలదు, బయటినుంచి శుభ్రమైన గాలి అందించే మాస్కు కావాలి. పంపే ముందు తలుపులు, బానెట్, లైట్లు, పట్టీలు అన్నీ ఒకసారి బిగించి చూసుకోండి. రంగు వేశాక బోల్టు కన్నం సరిపడలేదని తెలిస్తే ఆ బాధ చెప్పలేం.

తిరిగి బిగించడం

రంగు ఆరాక మూసి ఉన్న సందుల్లోకి పల్చని మైనం కొట్టి, నీళ్లు పోయే చిన్న కన్నాలు తెరిచి ఉంచండి. అవి మూసుకుపోవడమే మొదట తుప్పుకు దారి తీసింది. ముందు అద్దం పెట్టడానికి ఇద్దరు కావాలి. రబ్బరు గాడిలో నున్నటి తాడు చుట్టూ పెట్టి కొసలు లోపలికి వేలాడనిచ్చి, సబ్బునీళ్లు పూసి, ఒకరు బయట అరచేతులతో నొక్కుతుంటే ఇంకొకరు లోపల తాడు లాగుతూ పోతే, రబ్బరు అంచు రేకు మీదికి దానంతటదే పొర్లుతుంది. మొదటిసారి చూసినప్పుడు కలిగిన ఆనందం నాకు ఇంకా గుర్తుంది.

టైర్లు ఎంత నిగనిగలాడినా పక్కన ఉండే నాలుగు అంకెలు చూడండి. మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. మూడంకెలే ఉంటే అది 2000కు ముందుది. పదేళ్లు దాటినవి మార్చేయండి.

మొదటిసారి పది నిమిషాలు, ఖాళీ దారిలో, చేతిలో పానాల సంచితో వెళ్లండి. తిరిగొచ్చి చక్రాలు ముట్టుకోండి. ఒకటి మిగతావాటికంటే వేడిగా ఉంటే అక్కడ బ్రేకు పట్టేస్తోంది. 80 కిలోమీటర్లు తిరిగాక చక్రాల నట్లు, స్టీరింగు, కమానుపట్టీల బోల్టులు మళ్లీ టార్క్ రెంచితో చూడాలి.

ఆ రాత్రి కారు కింద పెద్ద అట్ట పరచి, ఇంజన్, గేరుబాక్సు, నాలుగు చక్రాల చోట్లు పెన్సిలుతో గుర్తు పెట్టండి. పొద్దున ఆ అట్ట తీసి చూడండి. ఇంజన్ గుర్తు దగ్గర గోధుమరంగు మరక ఉంటే ఇంజన్ అడుగున నూనె ఉండే సంపు ప్యాకింగో సీలో చూడాలి. వెనక చిక్కగా, గంధకం వాసన వేస్తుంటే అది వెనక యాక్సిల్ నూనె. ముందువైపు పచ్చగా తియ్యటి వాసన ఉంటే రేడియేటర్ గొట్టం క్లిప్పు ఒక చుట్టు బిగించండి. చక్రం గుర్తు దగ్గర నీళ్లలా పల్చగా, వేళ్లకు జారుడుగా ఉన్నది ఒక్క చుక్క కనిపించినా, ఆ చక్రం విప్పి చూసేదాకా కారు తాళం గోడ మీదే ఉండనివ్వండి.